ఆముదం తాగిన బ్యాటు

మా వదిన యూనివర్సిటీ జట్టుకు ఆడింది రెండే మ్యాచులు. మొదటి దాంట్లో ముప్పై నాలుగు పరుగులు చేసింది, రెండో దాంట్లో రెండు. ఆమె క్రికెట్ అక్కడితో సరి. మొదటి మ్యాచ్ మా చుట్టాల్లో నేనొక్కదాన్నే చూశాను. రెండో దానికి ఆమె తండ్రి, అంటే మా మేనమామ కూడా వచ్చాడు. నేను రెండుసార్లూ నీళ్ల బాటిళ్లు మోస్తూ చూశాను.

రెండో మ్యాచ్ చెడిపోవడానికి మామే కారణమని మా ఇళ్లలో అందరూ అనుకుంటారు. పెళ్లిళ్లలో, బారసాలల్లో చెప్పుకొని నవ్వుకునే కథ అది. కారణం మామ కాదు, నేను. ఆ మాట బయటపెట్టడానికి నాకు పదేళ్లు పట్టింది. వంటింట్లో గ్యాస్ మూడుసార్లు చూసుకొని, తలుపు గడియ రెండుసార్లు లాగి చూసుకొని, అప్పుడు గాని కూర్చొని ఒక వాక్యం రాయలేని మనిషిని నేను. అలాంటి నేను అంత పెద్ద మాటను అన్నేళ్లు లోపల ఎలా పెట్టుకోగలిగానో ఇప్పుడు ఆలోచిస్తే అర్థం కాదు.

వదిన అంటే మా అన్న భార్య కాదు, మేనమామ బిడ్డ. నాకంటే మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలలకే నేను ఆమెను వదినా అని పిలవాలి, ఆమె మాత్రం నన్ను మరదలా అంటూ ఎన్ని ఎకసక్కాలైనా ఆడొచ్చు. మాది హాలియా దగ్గర కాల్వ కింది ఊరు, రెండు పంటలూ వరే. మామ వాళ్లది మోత్కూర్ దాటాక మెట్ట. ఆముదాలు, కందులు, పత్తి, మిగతాదంతా రాళ్లు. ఎండాకాలం సెలవులకు వదిన మా ఇంటికి వచ్చేది. యాసంగి పంట కోతలయ్యాక మోళ్లు మిగిలిన మడిలో మా అన్నలు క్రికెట్ ఆడితే, బంతి ఏరుకొచ్చే పని నాది. అలా ఏరుతూ ఏరుతూ నేను ఆట నేర్చుకున్నాను. నేర్చుకొని వదినకు నేర్పాను. పాత తలుపు చెక్క ఆమె చేతికిచ్చి, ఎడమ మోచెయ్యి పైకెత్తమని నేనే చెప్పాను. ఈ మాట ఎవరికీ గుర్తులేదు. ఆమెకు కూడా గుర్తున్నట్టు లేదు.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది మేమిద్దరం నల్లగొండలో డిగ్రీ రెండో సంవత్సరం. హాస్టల్లో ఒకే గది. మా ఆటల సారు అసలు వాలీబాల్ మనిషి. ఆడపిల్లల క్రికెట్ జట్టు కట్టాలని యూనివర్సిటీ నుంచి కబురొస్తే, కబడ్డీ వాళ్లను, ఖోఖో వాళ్లను, సరదాగా వచ్చినవాళ్లను పోగుచేసి సెలక్షన్లకు తీసుకుపోయాడు. మాలో సగం మంది లెదర్ బంతిని ముట్టుకోవడం అదే మొదలు. అంత బరువుంటుందని నేను ఊహించలేదు. నా మొదటి బంతికే వెనక్కి జరిగాను. రెండో బంతికి ఇంకొంచెం జరిగాను. బాగానే కొట్టాను, కానీ నా కాళ్లు ఎటు పోతున్నాయో అక్కడున్న అందరికీ కనిపించింది. నా తర్వాత వదిన ఆడింది. మూడో బంతి లేచి ఆమె భుజానికి తగిలింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. ఆమె భుజం రుద్దుకోలేదు, జరగలేదు, చెయ్యి చాచి ఇంకో బంతి వెయ్యమంది.

ఇద్దరి పేర్లూ పదహారు మంది జాబితాలో వచ్చాయి. ఆమెది నాలుగో పేరు, నాది పదహారో పేరు. మమ్మల్ని పర్మిషన్ కాగితాల మీద తండ్రుల సంతకాలు పెట్టించుకు రమ్మన్నారు. మా నాయిన కాగితం తొడ మీద పెట్టుకొని, ఏం రాసుందో చూడకుండా సంతకం చేసి, మడికి నీళ్లు తిప్పడానికి పోయాడు. కాదనలేదు కదా అని అమ్మ అంది. నిజమే, కాదనలేదు. మామ మాత్రం నల్లగొండకు బస్సెక్కి వచ్చాడు. సారును కలిసి, లెదర్ బంతికి ఎలాంటి బ్యాటు కావాలి, ఎంత బరువుండాలి, ఏ కట్టెతో చేస్తారు అని అడిగాడు. సారు హైదరాబాద్ పోయినప్పుడు ఒకటి తెచ్చిపెట్టమని బతిమాలాడు. ఆ రోజు హాస్టల్ గేటు దగ్గర ఇద్దరికీ చెరో జామకాయ ఇచ్చాడు. నా జామకాయ తియ్యగానే ఉంది, కానీ నేను సగం తిని పారేశాను.

బతుకమ్మ సెలవులు ఇచ్చిన రోజే వదిన ఊరికి పోయింది. నాకు ఒక పరీక్ష మిగిలి ఉండి తెల్లారి బయల్దేరాను. ఆ ఏడు సద్దుల బతుకమ్మ మామ వాళ్ల ఊర్లో ఆడాలని అమ్మ ముందే చెప్పింది. బస్టాండుకు పోయే ముందు సారు తన గదిలోకి పిలిచాడు. బ్యాటు వచ్చింది. గోధుమ రంగు అట్ట కవర్లో, పసిపిల్లను చుట్టినట్టు చుట్టి ఉంది.

"ఇది మీ వదినది. జాగ్రత్తగా తీస్కపో," అన్నాడు సారు. "దుకాణపాయన గట్టిగ చెప్పిండు. దీనికి అవిసె నూనె పెట్టాలె. నాలుగు చుక్కలే. మెత్తటి గుడ్డతోని రుద్ది ఎండకు పెట్టకుంట పక్కకు పెట్టాలె. నానబెడితే మాత్రం కట్టె మొద్దయితది, ఎందుకూ పనికిరాదు. చెప్తవు గద?"

చెప్తానన్నాను. బస్సులో ఆ బ్యాటును ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. పక్క సీట్లో ముసలమ్మ అదేందని అడిగితే బ్యాటని చెప్పాను. నువ్వు ఆడతావా బిడ్డా అని అడిగింది. ఆడతానన్నాను. మోత్కూర్ వచ్చేదాకా ఆ బ్యాటు నాదే అయింది. సారు మాటలు కూడా నాకే చెప్పినట్టు మనసులో తిప్పుకుంటూ పోయాను. నాలుగు చుక్కలు, మెత్తటి గుడ్డ, నీడ.

ఇంటికి పోయేసరికి వదిన వాకిట్లో తంగేడు పువ్వు, గునుగు పువ్వు ముందేసుకొని కూర్చుంది. ఇంటి నిండా ఆడవాళ్లున్నారు. మామ అరుగు మీద ఎవరిదో గొడ్డలికి కామ బిగిస్తున్నాడు. ఆ ఊర్లో గొడ్డలి కామైనా, పార కామైనా మామ చేత్తో బిగించుకుంటేనే నమ్మకం. వదిన లేచి వచ్చి నా చేతుల్లోంచి కవరు లాక్కొని, విప్పి, బ్యాటును వాసన చూసి, అందరూ వినేటట్టు అంది:

"ఏమే మరదలా, నా బ్యాటు నువ్వు మోసుకొచ్చినవా? గ్రౌండుల గూడ నువ్వే మొయ్యాలె మరి."

అందరూ నవ్వారు. వదినా మరదళ్ల నడుమ అది మామూలు మాట. ఇంకో రోజైతే నేను అంతకు రెండింతలు అనేదాన్ని. అప్పుడు ఆమె బ్యాటును తిప్పి చూసుకుంటూ, సార్ ఏమన్నా చెప్పిండా అని అడిగింది.

"నూనె పెట్టాల్నట," అన్నాను.

అంతే అన్నాను. మిగతా సగం నాలుక మీద ఉంది. అరుగు మీది నుంచి మామ తలెత్తి, కట్టెకు నూనె పెట్టుడు కూడా మీ సార్ చెప్పాల్నా, నేను పుట్టిందే ఆ పనికి అన్నాడు. లేచి వచ్చి, బాలింత దగ్గరి నుంచి పసిపిల్లను అందుకున్నట్టు వదిన దగ్గరి నుంచి బ్యాటును అందుకున్నాడు.

మామ కొత్త కామలను ఆముదంలో నానబెట్టేవాడు. ఆముదం తాగిన కామ పదేళ్లయినా పగలదని ఆయన లెక్క. సొంత చేనులో పండిన ఆముదాలు, అత్తమ్మ పొయ్యి మీద వండి తీసిన నూనె. నూనె డబ్బాను నిలువుగా కోసి చేసిన తొట్టి ఒకటి కొట్టంలో ఉండేది. బ్యాటును అందులో పడుకోబెట్టి, పిడి మాత్రం బయట పెట్టి, మీద బరువు రాయి పెట్టాడు. అది పండుగకు నాలుగు రోజుల ముందు. రోజూ పొద్దున్నే కొట్టంలోకి పోయి బ్యాటును అటుది ఇటు తిప్పేవాడు. నేను రోజూ వేపపుల్ల నోట్లో పెట్టుకొని గడప దగ్గర నిలబడి చూసేదాన్ని. ఒకనాడు మామ నన్ను చూసి, ఇంత మెత్తటి కట్టె నేను ఎన్నడూ చూడలే బిడ్డా, ఎంత పోసినా తాగుతాంది, అన్నాడు. ఆయన ముఖంలో అంత మురిపెం. ఆ మురిపెం నా కోసం ఎవరూ పడలేదనే నేను ఆ నాలుగు పొద్దుల్లో నోరు మూసుకున్నాను. ఇంకో లెక్క కూడా లోపల ఉండింది. బ్యాటు పాడైతే ఆమె ఆట పాడవుతుంది, నాలుగో పేరు కొట్టేస్తే పదహారో పేరు పైకి జరుగుతుంది. ఆ లెక్క తప్పని అప్పుడే తెలుసు. ఆమె పేరుకూ నా పేరుకూ నడుమ ఇంకా పదకొండు మంది ఉన్నారు. కుళ్లుకు అంకెలు పట్టవు.

దసరా నాడు బ్యాటును తీసి తుడిచి, గొడ్డలి, గడ్డపార, మామ ఎడ్లబండి పక్కన నిలబెట్టి పసుపు కుంకుమ పెట్టారు. పొద్దూకి జమ్మి ఆకు తెచ్చాక మామ మొదటి ఆకు బ్యాటు పిడికి చెక్కాడు. తర్వాత మా చేతుల్లో పెట్టాడు.

జనవరిలో రాయలసీమలోని ఒక యూనివర్సిటీలో పోటీలు. సారు మేనేజరుగా వచ్చాడు. వదిన కొత్త బ్యాటును సంచిలోనే ఉంచి, ప్రాక్టీసుకు కూడా జట్టు కిట్టులోని పాత బ్యాటునే వాడింది. కొత్తది మ్యాచుల కోసం దాస్తున్నానని అందరితో అంది. ఒక్కసారి బయటికి తీసి బంతిని తట్టి చూసి, మళ్లీ లోపల పెట్టడం నేను చూశాను. పిండి ముద్ద మీద గరిటెతో కొట్టినట్టు చప్పుడైంది. నా వైపు చూసి, కొంచెం బరువున్నది అంది. నేను, కొత్తది కదా అన్నాను.

మొదటి మ్యాచులో కిట్టు బ్యాటుతో ముప్పై నాలుగు చేసింది. నేను రెండుసార్లు నీళ్లు తీసుకుపోయాను. రెండోసారి ఆమె నీళ్లు తాగి, బాటిల్ నా చేతిలో పెడుతూ, ఎండలో కళ్లు చిట్లించి, మాట్లాడకుండా నవ్వింది. అంత మంచిగా ఆమె నా వైపు ఎప్పుడూ నవ్వలేదు. ఆ నవ్వును కూడా నేను భరించలేకపోయాను. ఎడమ మోచెయ్యి బాగా పైకి ఉంది. అది నేను నేర్పిన మోచెయ్యి. మేం గెలిచాం. రాత్రి ఆమె ఇంటికి ఫోన్ చేసింది. ఎల్లుండి ఇంకో మ్యాచ్ ఉందని చెప్పింది. మామ తెల్లారి హైదరాబాద్ బస్సెక్కి, అక్కణ్నుంచి ఇంకో బస్సెక్కి, మ్యాచ్ మొదలయ్యే పొద్దుకు గ్రౌండుకు చేరాడు. తెల్ల ధోతి, భుజం మీద తువ్వాల, సంచిలో సర్వపిండి.

బాపు వచ్చాడు కాబట్టి బాపు ఇచ్చిన బ్యాటుతోనే ఆడతానని వదిన అంది. అది బరువుందని ఆమెకు తెలుసు. తెలిసీ తీసుకుపోయింది. బౌండరీ తాడు అవతల నిలబడ్డ తండ్రికి కనపడేటట్టు దాన్ని భుజం మీద పెట్టుకొని పోయింది.

ఆరు బంతులు ఆడింది. రెండు పరుగులు కష్టంగా వచ్చాయి. ఏడో బంతి నేరుగా, సరిగ్గా ఆమెకు ఇష్టమైన చోట పడింది. కాలు ముందుకేసి, మోచెయ్యి ఎత్తి, బ్యాటు నడిమధ్యతో కొట్టింది. అంతకంటే మంచి దెబ్బ ఆ రోజు ఎవరూ కొట్టలేదు. తాడు దాటాల్సిన బంతి సగం దూరంలో అలసిపోయినట్టు కిందికి దిగింది. అక్కడ నిలబడ్డ పిల్ల కదలకుండానే పట్టుకుంది. వదిన కొద్దిసేపు బ్యాటును చూసింది. మామ చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. ఔటని ఆయనకు తెలియలేదు.

డేరా దగ్గర సారు ఆ బ్యాటును చేతిలోకి తీసుకొని వెంటనే మూతి ముడిచాడు. ఎవరు నానబెట్టిన్రు దీన్ని అని అడిగాడు. మామ నేనే సార్ అన్నాడు. సారు నా వైపు తిరిగాడు. వదిన ప్యాడ్లు విప్పుకుంటూ అక్కడే ఉంది. నా చేతిలో బాటిళ్లున్నాయి.

"నీతోని చెప్పి పంపిన గదమ్మా, నాలుగు చుక్కలే అని?"

మామ నన్ను చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. గొడ్డలి కామ వంకర ఉందో లేదో ఒక కన్ను మూసి చూస్తాడు, అంతసేపు చూశాడు.

"పిల్ల చెప్పింది సార్," అన్నాడు. "నేనే ఇనలే."

వదిన ప్యాడ్లు అక్కడే పడేసి పోయింది. ఆ రోజు సర్వపిండి జట్టులో అందరూ తిన్నారు, ఆమె తినలేదు. మ్యాచ్ ఓడిపోయాం. నాకౌట్ పోటీలు కాబట్టి ఇంటికి వచ్చేశాం. మరుసటి ఏడు అమ్మాయిలు సరిపోలేదని యూనివర్సిటీ జట్టే కట్టలేదు. ఆ తర్వాత డిగ్రీ అయిపోయింది.

మా చుట్టాల్లో కథ అప్పటి నుంచి మొదలైంది. మా బాపు నా బ్యాటును బండి ఇరుసు అనుకున్నడు, అని వదిన మొదలుపెడుతుంది. సారు నాలుగు చుక్కలని చెప్పి పంపినా ఇనలే, మొండి మనిషి, అని ముగిస్తుంది. అందరూ నవ్వుతారు. మామ కూడా నవ్వి, తువ్వాల దులుపుకొని, ఎద్దులకు నీళ్లు పెట్టాలనో, ఎవరో పిలిచారనో లేచి పోతాడు. ఎద్దులు అమ్మేశాక కూడా అలాగే లేచి పోయేవాడు. తండ్రీ బిడ్డలు మాట్లాడుకోకుండా ఏమీ లేరు. కానీ చదువుకైనా, ఉద్యోగానికైనా, పెళ్లికైనా ఆమె మళ్లీ ఆయన్ను ఒక్క సలహా అడగలేదు. నువ్వు చెప్తే ఇనవు గదా అనేది.

నాకు డిగ్రీ కాగానే పెళ్లి చేశారు. మా ఆయనది కరెంటు ఆఫీసులో ఉద్యోగం, కాపురం మహబూబ్‌నగర్‌లో. వదిన వ్యాయామ టీచర్ అయింది. ఆమె, ఆమె భర్త ఇద్దరూ అమ్రాబాద్ దగ్గరి ఒక గురుకులంలో పని చేస్తారు. అడవి అంచున క్వార్టర్, పొద్దున్నే లేచి పిల్లల్ని పరుగెత్తించే కొలువు. నేనేమో కాన్పు నుంచి భయాల మనిషినయ్యాను. బిడ్డ ఊపిరి వినపడుతుందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఆరేళ్లు నిండినా ఇప్పటికీ చూస్తాను. జ్వరం నూరు దాటకముందే దవాఖానకు పరుగు తీస్తాను. అలాంటి నా బిడ్డ, వదిన గుమ్మంలో కనపడితే చాలు, నా కొంగు వదిలి మేకపిల్లలా దూకుతుంది. ఎడమచేత్తో బంతి విసురుతుంది. దానికి అత్తమ్మ, అంటే వదిన, చెప్పిందంటే ఎండ లేదు, దుమ్ము లేదు. నేను పాలు తాగమంటే గంట పడుతుంది. వదిన, ఆటగాళ్లు తాగుతారు అంటే ఒక్క గుక్కలో అయిపోతుంది. నేను గ్లాసు కడుగుతూ లోపల్లోపల మండిపోతాను. బిడ్డ నాది, బతిమాలడం నాది, గుక్క మాత్రం ఆమెది.

ఈ ఎండాకాలం వదిన రెండు పనుల మీద వచ్చింది. వాళ్ల బడిలో పది రోజుల ఆటల క్యాంపుకు బిడ్డను పంపమని అడగడం ఒకటి. రెండోది, మోత్కూర్ దిక్కు పోయినప్పుడు ఇంట్లో అటక మీద దొరికిందని ఆ బ్యాటును తెచ్చింది. బిడ్డకు చూపించడానికి. బిడ్డ రెండు చేతులతో ఎత్తబోయి, గిది బరువున్నది అత్తమ్మా అంది. వదిన నవ్వి కథ మొదలుపెట్టింది. బండి ఇరుసు, ఆముదం, నాలుగు చుక్కలు. బిడ్డ నోరు తెరిచి వింటోంది.

"తాతకు తెల్వదా మరి?" అని అడిగింది.

"తెల్వక గాదు బిడ్డా. చెప్తే ఇనడు, గందుకు."

నేను వంటింట్లో పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతున్నాను. పెద్దవాళ్లు నవ్వుకున్నన్ని రోజులు ఎలాగో ఓర్చుకున్నాను. ఇప్పుడు ఆ అబద్ధం నా బిడ్డ నోట్లోకి దిగుతోంది. రేపు పండుగకు పోతే మామ ముందు నిలబడి, తాతా నువ్వు ఎందుకు వినలేదు అని అడుగుతుంది. ఆయన తువ్వాల దులుపుకొని లేస్తాడు. నేను వదినను లోపలికి పిలిచాను. చేతులు కడుక్కోకుండానే చెప్పేశాను.

"వదినా, మామకు నేను చెప్పలే. నూనె పెట్టాల్నట అన్న, అంతే. నాలుగు చుక్కలన్నది చెప్పలే."

ఆమె తలుపుకు ఆనుకొని నిలబడి ఉంది. మర్చిపోయినవా అంది. ఆమె నాకు తోవ ఇస్తోందని అర్థమైంది. ఔనంటే అక్కడితో అయిపోయేది.

"లేదు. కావాల్ననే చెప్పలే. నువ్వు నన్ను బ్యాటు మొయ్యమన్నవ్ గదా, అందరి ముంగట."

"నేనెప్పుడన్న?"

ఆమెకు ఆ మాట గుర్తే లేదు. పదేళ్లు నేను మోసిన మాట ఆమె దగ్గర ఎన్నడూ లేనే లేదు. నా తప్పుకు నేను వెతుక్కున్న ఒక్క సాకూ అలా పోయింది. అప్పుడామె నన్ను తిట్టలేదు. సార్ సరిగ్గా ఏమేం చెప్పాడో చెప్పమంది. అవిసె నూనె, నాలుగు చుక్కలు, మెత్తటి గుడ్డ, నీడ అని అన్నీ చెప్పాను. ఒక్క ముక్క మర్చిపోలేదు. ఆమె తల ఊపి, ఫోన్ తీసి, స్పీకరు పెట్టి, గట్టు మీద చింతపండు గిన్నె పక్కన పెట్టింది.

మామ ఎత్తి, బువ్వ తిన్నవా బిడ్డా అన్నాడు. ఆమె ఉపోద్ఘాతం లేకుండా అడిగింది. నాలుగు చుక్కల సంగతి నీకెవరూ చెప్పలేదంట కదా, గ్రౌండుల పిల్ల చెప్పిందని ఎందుకన్నవ్ అని. గిప్పుడెందుకు గవన్నీ అన్నాడు మామ. ఆమె మళ్లీ అడిగింది.

"నువ్వు నా బిడ్డవు," అన్నాడు మామ. "నీకు కోపమొస్తే రేపటికి పోతది. పది మందిల దాన్ని తప్పుకు నిలబెడితే, రేపు మా చెల్లె ఇంటికి నేను ఏ ముఖం పెట్టుకొని పోవాలె?"

"రేపటికి పోతదన్నవ్. పదేండ్లు పోలే గద బాపూ."

"పోలే," అన్నాడు మామ. "ఏంజేద్దాం."

ఆయన నన్ను కాపాడాడని పదేళ్లుగా నాకు తెలుసు. నేనంటే ప్రేమతో అనుకున్నాను. ఆ ఒక్క విషయంలో వదిన కంటే నేనే ఎక్కువనుకొని రహస్యంగా కొంచెం మురిసిపోయాను కూడా. అది కాదని ఆ మాటతో తెలిసింది. చెల్లె ఇంటి పిల్ల కాబట్టి, జాగ్రత్తగా చూడాల్సిన చుట్టం కాబట్టి కాపాడాడు. సొంతబిడ్డ కాబట్టి ఆమె కోపాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. అంత హక్కుతో నా కోపాన్ని మోసినవాళ్లు ఎవరూ లేరు. క్షమించమని అడగడానికి ఫోన్ దగ్గరికి వంగాను. మామా, తప్పైంది అన్నాను. తప్పేముంది బిడ్డా, చిన్నపోరివి, పిల్ల మంచిగున్నదా, ఎండకు తిప్పకు అన్నాడు. అంతటితో నా వంతు అయిపోయింది. వదిన ఫోన్ తీసుకొని స్పీకరు ఆపి, బాల్కనీలోకి పోయింది. వాళ్లిద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో. మధ్యలో ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది, తర్వాత నవ్వడం వినిపించింది. క్వార్టర్ ముందు జాగాలో ఏ చెట్టు పెట్టాలో నువ్వు చెప్పు బాపూ అని అడుగుతోంది. సలహా అడుగుతోంది. నేను పచ్చిపులుసులో ఉల్లిగడ్డలు ఎక్కువ వేశాను.

లోపలికి వచ్చి, పిల్లను పంపుతవా అంది. అడవి, పాములు, నీళ్లు, ఎండ అని నేను దాచిపెట్టుకున్న కారణాలన్నీ పక్కన పెట్టేశాను. పంపుతానన్నాను. పోతూ పోతూ బ్యాటును మాత్రం గోడకు ఆనించి, ఇది నీ దగ్గరనే ఉండనీ అంది. కోపంగా అనలేదు. ఎకసక్కంగా కూడా అనలేదు. ఎలా అందో నాకింకా తెలియదు.

బిడ్డ క్యాంపుకు పోయి ఇవాళ్టికి ఆరు రోజులు. ఆ బ్యాటు గదిలో ఉంది. మే నెల వేడికి దాని అడుగు నుంచి ఇప్పటికీ ఆముదం ఊరుతోంది. గోడ సున్నం మీద అరచేయంత మరక పడింది. కింద పాత పేపరు వేశాను. పొద్దున పేపరు మారుస్తుంటే బిడ్డ వదిన ఫోన్లోంచి మాట్లాడింది. అన్నం తిన్నావా, రాత్రి భయపడ్డావా, నీళ్లు కాచినవే తాగుతున్నావా అని నేను అడుగుతూనే ఉన్నాను. అది దేనికీ జవాబు చెప్పలేదు. అత్తమ్మ తనకు చిన్న బ్యాటు ఇచ్చిందట. మోత్కూర్ తాత దానికి కొలత చూసి కొత్త పిడి బిగించి పంపాడట.

"అమ్మా, అత్తమ్మ దానికి నూనె రాసింది. నాలుగు చుక్కలే పోసింది, నేను లెక్కపెట్టిన. మెత్తగుడ్డతోని రుద్ది నీడకు పెట్టింది. నీకు తెల్వదు గద గివన్నీ?"

తెలుసని చెప్పబోయాను. అంతలో ఎవరో విజిల్ వేశారు. బిడ్డ ఫోన్ పెట్టేసి పరుగెత్తింది. నేను తిన్నానో లేదో అడగలేదు.